కట్టుబడి పనోళ్ల కథ టీవీలోకి ఎట్ల వచ్చింది? బ్రిటన్‌లో ముగ్గురు ప్రొడ్యూసర్ల చరిత్ర

ఈ వారం ఎపిసోడ్‌లో టైం సరిపోక సగం సగం చెప్పిన సంగతిని ఇక్కడ మొత్తం రాస్తున్నా. బస్సులో పోతూనో, డ్యూటీ దిగినంక క్యాంపులోనో తీరుబడిగా చదువుకోండి.

మన దగ్గర ప్రొడ్యూసర్ అంటే పైసలు పెట్టేటాయన. సినిమా ఆడితే కొత్త కారు కొంటాడు, ఆడకపోతే ఉన్న ఇల్లు అమ్ముకుంటాడు. కథ సంగతి రచయిత చూసుకుంటాడు, తీసే సంగతి డైరెక్టర్ చూసుకుంటాడు అనుకుంటాం. కానీ బ్రిటన్ టీవీలో 1960ల నుంచి ప్రొడ్యూసర్ అంటే అర్థం వేరు. బీబీసీలో ఆయన నెల జీతం మీద పనిచేసే ఉద్యోగి. జేబులోంచి ఒక్క పైసా పెట్టడు. అయినా ఏ కథ తీయాలి, అది ఎవరితో రాయించాలి, ఎవరితో తీయించాలి, స్టూడియోలో తీయాలా వీధిలో తీయాలా, ఇచ్చిన బడ్జెట్ ఎట్ల సరిపెట్టాలి అన్నవన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. పైఅధికారులు అడ్డం చెప్తే ముందు నిలబడి జవాబు చెప్పాల్సింది కూడా ఆయనే. ఇప్పుడు ఈ పని చేసేవాళ్లను క్రియేటివ్ ప్రొడ్యూసర్ అంటున్నారు.

పేదోళ్ల బతుకును ఉన్నది ఉన్నట్టు చూపించే టీవీ నాటకాలకు బ్రిటన్‌లో పెద్ద చరిత్ర ఉంది. అందులో మన పనికి, అంటే కట్టుబడి పనికి సంబంధించినవి మూడున్నాయి. ఒకటి 1967లో, ఇంకోటి 1982లో, మూడోది 1991లో వచ్చాయి. వీటి గురించి రాసేటప్పుడు రచయితనో డైరెక్టర్‌నో మెచ్చుకుంటారు. నేను మాత్రం వెనకున్న ప్రొడ్యూసర్ల గురించి చెప్తా. ఎందుకంటే కథ తెలిసినోడు ఒక చోట, పైసలున్నోడు ఇంకో చోట ఉంటే, ఇద్దరి మధ్య నిలబడేటోడు ఒకడు లేకపోతే ఏ పనీ సాగదు. సూపర్‌వైజర్‌గా ఆ మధ్యలో నిలబడే పని ఎట్లుంటదో నాకు కొంచెం తెలుసు.

ముందు ఈ పోస్టు ఎట్ల పుట్టిందో చూద్దాం. 1963 మొదట్లో సిడ్నీ న్యూమన్ అనే కెనడా ఆయన బీబీసీ డ్రామా విభాగానికి హెడ్‌గా వచ్చాడు. అంతకుముందు ఆయన పోటీ ఛానల్ ఐటీవీలో 'ఆర్మ్‌చెయిర్ థియేటర్' అనే నాటకాల కార్యక్రమం నడిపాడు. అప్పటిదాకా బీబీసీలో ప్రొడ్యూసర్ అని పేరున్న మనిషే డైరెక్షన్ కూడా చేసేవాడు. న్యూమన్ ఆ పనిని మూడు ముక్కలు చేశాడు. నటుల్ని, కెమెరాను నడిపించడం డైరెక్టర్ పని. కొత్త రచయితలను వెతికి స్క్రిప్టు సిద్ధం చేయించడం స్టోరీ ఎడిటర్ పని. మొత్తానికి బాధ్యత ప్రొడ్యూసర్‌ది. 1964 అక్టోబర్‌లో 'ది వెడ్నస్‌డే ప్లే' మొదలైంది. పేరులో ఉన్నట్టే బుధవారం రాత్రి ఒక కొత్త నాటకం. రాజుల కథలు, డ్రాయింగ్ రూమ్ కథలు కాకుండా ఇప్పటి బ్రిటన్‌లో బతికే మామూలు జనం కథలు కావాలన్నది న్యూమన్ పట్టు.

ఈ కార్యక్రమంలోకి స్టోరీ ఎడిటర్‌గా వచ్చినవాడు టోనీ గార్నెట్. బర్మింగ్‌హామ్‌లో కార్మిక కుటుంబంలో 1936లో పుట్టాడు. మొదట నటుడు. 1965 నవంబర్ 3న 'అప్ ద జంక్షన్' అనే నాటకం ప్రసారమైంది. లండన్‌లో ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లల కథ ఇది, నెల్ డన్ పుస్తకం ఆధారంగా తీశారు. డైరెక్టర్ కెన్ లోచ్. అందులో ఒక అమ్మాయి దొంగచాటుగా అబార్షన్ చేయించుకునే ఘట్టం ఉంది. అప్పట్లో అబార్షన్ అక్కడ చట్టవిరుద్ధం. అది చూసి దేశంలో పెద్ద గొడవ అయింది. రెండేళ్ల తర్వాత, 1967లో, చట్టం మారింది.

ఈ నాటకం కోసం గార్నెట్ ఎందుకంత పట్టుబట్టాడో యాభై ఏళ్ల దాకా బయటి లోకానికి తెలియదు. 2016లో తన జీవితకథ రాసినప్పుడు చెప్పాడు. ఆయనకు ఐదేళ్లప్పుడు, 1941లో, వాళ్లమ్మ అట్లాంటి దొంగచాటు అబార్షన్ వల్లనే చనిపోయింది. కొద్ది రోజులకే తండ్రి కూడా తన ప్రాణం తానే తీసుకున్నాడు. నాటకం మీద ఆయన పేరు చిన్నక్షరాల్లో ఉంటుంది. కథ మాత్రం ఆయన ఇంట్లోంచి నడిచి వచ్చినట్టే ఉంటుంది.

మరుసటి ఏడాది ప్రొడ్యూసర్‌గా ఆయన చేసిన నాటకమే 'కాథీ కమ్ హోమ్'. రాసింది జెరెమీ శాండ్‌ఫర్డ్, తీసింది కెన్ లోచే. 1966 నవంబర్ 16న వచ్చింది. భర్తకు పనిలో దెబ్బ తగిలి సంపాదన పోతుంది. అద్దె కట్టలేక ఒక కుటుంబం ఇంటి నుంచి ఇంటికి, చివరికి నిరాశ్రయుల హాస్టల్‌కి జారిపోతుంది. ఆఖర్న అధికారులు తల్లి దగ్గర్నుంచి పిల్లల్ని లాక్కుంటారు. ఆ రాత్రి దాన్ని దాదాపు 1 కోటి 20 లక్షల మంది చూశారు.

ఇక్కడ ప్రొడ్యూసర్ చేసిన పని ఏందంటే, కెమెరాను స్టూడియో దాటించడం. అప్పుడు టీవీ నాటకాలు ఎక్కువగా స్టూడియోలోనే తీసేవారు. ప్లైవుడ్ గోడలు, బరువైన ఎలక్ట్రానిక్ కెమెరాలు. బీబీసీ ఆ స్టూడియోల మీద అప్పటికే బోలెడు ఖర్చు పెట్టింది. అవి ఖాళీగా ఉంచి బయటికి పోతానంటే లెక్కలు చూసేవాళ్లకు మండుతుంది. కంపెనీ సొంత క్రేన్ యార్డులో నిలబడి ఉండగా బయటి క్రేన్ కిరాయికి కావాలని అడిగినట్టు అన్నమాట. గార్నెట్ అదే అడిగాడు. అప్పట్లో వార్తలకు వాడే తేలికైన 16 ఎంఎం కెమెరాతో నాటకం తీస్తామన్నాడు. ఆ కెమెరా భుజాన పెట్టుకుని నిజమైన సందుల్లోకి, నిజమైన జనం మధ్యకు పోవచ్చు. 'కాథీ'లో చాలా భాగం అట్లనే తీశారు. చూసినవాళ్లకు అది నాటకంలా కాకుండా కళ్లముందు జరుగుతున్న సంగతిలా అనిపించింది. ఆ అనుభూతికి వెనక ఒక డైరెక్టర్ చూపు ఉంది, నిజమే. దానికంటే ముందు బడ్జెట్ మీటింగులో గెలిచిన ఒక వాదన ఉంది.

ఇక మన కట్టుబడి కథకు వద్దాం. మాంచెస్టర్‌లో జిమ్ అలెన్ అని ఒకాయన ఉండేవాడు. బిల్డింగ్ పనుల్లో కూలీగా చేశాడు, బొగ్గు గనిలో చేశాడు. తర్వాత 'కరొనేషన్ స్ట్రీట్' అనే సీరియల్‌కి ఎపిసోడ్లు రాశాడు. గార్నెట్ ఆయన్ని వెడ్నస్‌డే ప్లేలోకి తెచ్చాడు. 1967 ఫిబ్రవరి 1న ఆయన రాసిన 'ది లంప్' ప్రసారమైంది. డైరెక్టర్ జాక్ గోల్డ్, ప్రొడ్యూసర్ గార్నెట్.

'లంప్' అంటే ఏందో చెప్తే మీకు కొత్తగా అనిపించదు. అప్పటి బ్రిటన్ సైట్లలో చాలామందిని కంపెనీ తన పనివాళ్లుగా రాసుకునేది కాదు. వాళ్లు కాగితం మీద ఎవరికి వారే సొంత కాంట్రాక్టర్లు. పనికి ఇంత అని గుత్తగా చేతిలో నగదు పెడతారు. సెలవు జీతం లేదు, జబ్బు చేస్తే దిక్కు లేదు, ఇన్సూరెన్స్ లేదు, యూనియన్ లేదు. రేపు రావద్దంటే రావద్దు. ఆజాద్ వీసా మీద వచ్చి రోజుకో సైట్లో దొరికిన పని చేసేటోళ్లు, సప్లై కంపెనీ కింద పనిచేసి పెద్ద కంపెనీ హెల్మెట్ పెట్టుకునేటోళ్లు మన మధ్య ఎంతమంది లేరు? దెబ్బ తగిలిన రోజు 'వీడు మా మనిషి కాదు' అని ఇద్దరూ చేతులు దులుపుకునే సంగతి మనకు పుస్తకం చదివితే తెలిసింది కాదు.

లంప్ గురించి లండన్‌లో కూర్చుని పేపర్లు చదివి రాసే రచయితలు గార్నెట్‌కి దొరక్కపోరు. కానీ ఆయన కలం ఇచ్చింది ఇటుకలు మోసినవాడికి. తెల్లారి పనికోసం నిలబడ్డోడికి, వ్యాన్ ఎక్కమని ఎవరిని పిలుస్తారో తెలియని ఆ ఐదు నిమిషాలు ఎట్లుంటయో తెలుసు. ఆ ఐదు నిమిషాలు స్క్రిప్టులోకి రావాలంటే ఆ మనిషిని గుర్తుపట్టి, నమ్మి, రాయించి, 'ఇది నాటకం కాదు, రాజకీయం' అన్నవాళ్లకు జవాబు చెప్పే ఇంకో మనిషి కావాలి.

జవాబు చెప్పడం తేలిక కాలేదు. జిమ్ అలెన్ తర్వాత రాసిన 'ది బిగ్ ఫ్లేమ్' లివర్‌పూల్ ఓడరేవు కార్మికుల కథ. తీయడం అయిపోయాక కూడా వెంటనే ప్రసారం కాలేదు. బీబీసీలో పైవాళ్లు దాన్ని చూసి జంకారు. చివరికి 1969 ఫిబ్రవరిలో వచ్చింది. ఇట్లాంటివి చూసి జనం వార్త ఏదో కల్పన ఏదో తెలియక మోసపోతారని బీబీసీ లోపలే విమర్శలు వచ్చాయి. నాటకం పేరు మీద వచ్చేది నిజంలా ఉంటే ఇబ్బంది ఎవరికి అన్నదే అసలు ప్రశ్న.

లంప్ మాత్రం ఆ నాటకంతో ఆగిపోలేదు. 1972లో బ్రిటన్ అంతటా కట్టుబడి కార్మికులు సమ్మె చేశారు. వారానికి 35 గంటల పని, 30 పౌండ్ల జీతం, లంప్ రద్దు అన్నవి వాళ్ల డిమాండ్లు. ఆ సమ్మెలో పికెటింగ్ చేసినందుకు ష్రూస్‌బరీలో కేసులు పెట్టి కొందర్ని జైలుకు పంపారు. అందులో రికీ టామ్లిన్‌సన్ అనే ప్లాస్టరింగ్ మేస్త్రి ఉన్నాడు. 1973లో రెండేళ్ల శిక్ష పడింది. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

రెండో ప్రొడ్యూసర్ మైకేల్ వేరింగ్. ఈయన పనిచేసింది లండన్‌లో కాదు, బర్మింగ్‌హామ్‌లోని బీబీసీ పెబుల్ మిల్ కేంద్రంలో. లండన్ బయటి రచయితల కోసం అక్కడ 1971లో ఒక డ్రామా విభాగం పెట్టారు. దాని హెడ్ డేవిడ్ రోజ్. లివర్‌పూల్ దగ్గర టీచర్‌గా చేసిన అలన్ బ్లీస్‌డేల్ అనే రచయిత అక్కడికి 'ది బ్లాక్ స్టఫ్' అనే నాటకం రాసిచ్చాడు. బ్లాక్ స్టఫ్ అంటే తారు. రోడ్డు తారు వేసే లివర్‌పూల్ ముఠా ఊరుగాని ఊరికి పనికి పోయి, పక్క పని ఆశపడి, మోసపోయి, ఉన్న ఉద్యోగం కూడా పోగొట్టుకునే కథ. 1978లో తీస్తే 1980 జనవరి 2న ప్రసారమైంది.

ఆ ముఠాలో ఒక్కొక్కడి గతి తర్వాత ఏమైందో ఒక సిరీస్‌గా తీయాలనుకున్నారు. అదే 'బాయ్స్ ఫ్రమ్ ద బ్లాక్‌స్టఫ్'. ఐదు ఎపిసోడ్లు. వేరింగ్ ముందున్న చిక్కు పైసలు. ఐదింటినీ ఫిల్మ్ మీద తీసే బడ్జెట్ లేదు. ఆయన చేసిన ఏర్పాటు చూడండి. ఈ వరసలో అనుకున్న ఒక కథను విడదీసి 'ది మజిల్ మార్కెట్' అని ఒంటరి నాటకంగా 1981లో వేరే కార్యక్రమంలో వేశారు. ఐదు ఎపిసోడ్లలో నాలుగింటిని బయటి ప్రసారాలకు వాడే తేలికపాటి వీడియో యూనిట్‌తో తీయించారు. 'యోసర్స్ స్టోరీ' అనే నాలుగో ఎపిసోడ్ ఒక్కదాన్ని ఫిల్మ్ మీద తీశారు. ఎక్కడ చవక సామానుతో పని నడుస్తదో, ఎక్కడ మాత్రం రాజీ పడొద్దో తెలిసిన లెక్క అది. మన పనిలో కూడా పార్టిషన్ గోడ దగ్గర సర్దుకోవచ్చు గానీ కాలమ్ దగ్గర సర్దుకోలేం కదా.

1982 అక్టోబర్ 10న మొదటి ఎపిసోడ్ బీబీసీ-2లో వచ్చింది. డైరెక్టర్ ఫిలిప్ సావిల్. అదే ఏడాది మొదట్లో బ్రిటన్‌లో పని లేనివాళ్ల సంఖ్య 30 లక్షలు దాటింది. మొదటి ఎపిసోడ్‌లోనే ఒక సైట్ ఉంది. నిరుద్యోగ భృతి తీసుకుంటూ దొంగచాటుగా పనిచేస్తున్న కుర్రాళ్లు. స్నోయీ అనే ప్లాస్టరింగ్ పిల్లవాడికి తన చేతిపని మీద గర్వం. తనిఖీవాళ్లు వచ్చారని తెలిసి అందరూ పరుగెత్తుతారు. స్నోయీ తాడు పట్టుకుని కిటికీలోంచి దిగబోయి, తాడు ఊడి, కిందపడి చచ్చిపోతాడు. బల్దియా బండి వచ్చిందంటే ఖల్లివెల్లి మీద ఉన్నోళ్లు ఎట్ల పరుగెత్తుతారో చూసినవాళ్లకు ఆ సీను లివర్‌పూల్‌ది అనిపించదు.

డిక్సీ అనే పాత్ర ఒకప్పుడు ఆ ముఠాకి ఫోర్‌మన్. కింది వాళ్లు చేసిన పక్క పనికి తన ఉద్యోగం కూడా పోయింది. ఓడరేవులో వాచ్‌మన్‌గా చేరితే, దొంగతనం చూసీ చూడనట్టు ఉండమని ఒత్తిడి. యోసర్ అయితే పని పోయి, భార్య పోయి, పిల్లల్ని వెంటేసుకుని ఎదురైన ప్రతి మనిషినీ పని ఇయ్యమని అడుగుతూ తిరుగుతాడు. ఆ మాట బ్రిటన్‌లో అందరి నోటా ఊతపదం అయిపోయింది. ముసలి కార్మిక నాయకుడు జార్జ్ పాత్ర వేసిన పీటర్ కెరిగన్ నిజజీవితంలో ఓడరేవు కార్మికుడు. గార్నెట్ తీసిన 'బిగ్ ఫ్లేమ్'లోనూ ఉన్నాడు. అంటే మనుషుల్ని చేరదీసే పని ఒక ప్రొడ్యూసర్ దగ్గర మొదలై ఇంకో ప్రొడ్యూసర్‌కి అందింది.

బీబీసీ-2 చూసేది తక్కువ మంది. కానీ సిరీస్‌కి వచ్చిన స్పందన చూసి మరుసటి జనవరిలోనే ఎక్కువ మంది చూసే బీబీసీ-1లో మళ్లీ వేశారు. బాఫ్టా అవార్డు వచ్చింది. వేరింగ్ తర్వాత బీబీసీ సీరియళ్ల విభాగానికే హెడ్ అయ్యాడు. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని 'అవర్ ఫ్రెండ్స్ ఇన్ ద నార్త్' స్క్రిప్టు 1996లో తెర మీదకు రావడంలో ఆయన చేయి ఉంది.

మూడోది 'రిఫ్-రాఫ్'. 1991లో ఛానల్ 4 పెట్టుబడితో వచ్చింది. ప్రొడ్యూసర్ శాలీ హిబ్బిన్ అనే ఆవిడ, డైరెక్టర్ కెన్ లోచ్. మూతబడ్డ ఆసుపత్రిని ధనవంతుల ఫ్లాట్లుగా మార్చే లండన్ సైట్ కథ. రాసిన బిల్ జెస్సీ స్వయంగా సైట్లలో పనిచేసినవాడు. సినిమా పూర్తిగా చూసుకోకుండానే చనిపోయాడు. అందులో లారీ అనే పాత్ర సేఫ్టీ గురించి అడిగినందుకు పని పోగొట్టుకుంటాడు. ఆ పాత్ర వేసింది ఎవరో కాదు, ష్రూస్‌బరీ కేసులో జైలుకు పోయిన రికీ టామ్లిన్‌సన్. కథ చివర్లో సరిగా లేని స్కాఫోల్డింగ్ మీంచి ఒక కుర్రాడు పడిపోతాడు. నేను రోజూ పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో గ్రీన్ ట్యాగ్ లేని స్కాఫోల్డింగ్ ఎక్కొద్దని చెప్పేవాణ్ని. ఎన్ని ఫారాలు చదివి వినిపించినా మావాళ్ల ముఖాల్లో రాని మార్పు, ఫోన్‌లో ఆ సీను చూపించిన రోజు వచ్చింది. ఎవ్వరూ ఏం మాట్లాడలేదు. ఒకాయన మాత్రం పోయి తన హార్నెస్ హుక్ ఒకసారి లాగి చూసుకున్నాడు.

ఈ నాటకాలు లోకాన్ని మార్చేశాయని నేను చెప్పను. 'కాథీ' వచ్చిన రెండు వారాలకు షెల్టర్ అనే సంస్థ మొదలైంది. దాని ఏర్పాట్లు ముందు నుంచే నడుస్తున్నాయి, నాటకం దానికి గాలి తోడిచ్చింది. నిరాశ్రయుల చట్టం రావడానికి 1977 దాకా పట్టింది. ష్రూస్‌బరీ కార్మికుల శిక్షల్ని కోర్టు కొట్టేసింది 2021 మార్చిలో, 47 ఏళ్ల తర్వాత. లంప్ లాంటి ఉద్యోగాలు పేరు మార్చుకుని ఇప్పటికీ ఉన్నాయి. కానీ ఒకటి జరిగింది. ఆ మనుషుల్ని సోమరులు, తాగుబోతులు అని తేలిగ్గా అనేవాళ్ల ఇళ్లలోకి స్నోయీ వచ్చాడు, యోసర్ వచ్చాడు. లెక్కల్లో ఉన్నవాళ్లకు ముఖాలు వచ్చాయి.

ఇక మన సంగతి. గల్ఫ్‌లో, మలేషియాలో మన క్యాంపుల్లో కథలకు కరువు లేదు. శుక్రవారం రాత్రి ఏ రూములో కూర్చున్నా ఒక 'లంప్', ఒక 'బ్లాక్‌స్టఫ్' వినిపిస్తుంది. కెమెరా కోసం గార్నెట్ పడ్డ తిప్పలు కూడా మనకు లేవు, ప్రతి జేబులో ఒకటుంది. మన దగ్గర లేనిది ఆ మధ్య మనిషి. చెప్పేటోడి మాట నమ్మి, 'నువ్వే రాయి' అని కూర్చోబెట్టి, తీసేటోణ్ని వెతికి, అన్నిటికంటే ముఖ్యంగా దాని వల్ల చెప్పినోడి వీసాకో ఉద్యోగానికో ముప్పు రాకుండా పేరు దాచి తను ముందు నిలబడేటోడు. గార్నెట్‌కి, వేరింగ్‌కి నెల జీతం, పెద్ద సంస్థ అండ ఉన్నాయి. మనకు లేవు. అందుకే మనం చిన్నగా మొదలుపెట్టాలి.

ఈ పాడ్‌కాస్ట్ నడిపేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. మా గురించి మాట్లాడే పెద్దలను పిలవండి, తప్పు లేదు. కానీ నెలకు ఒక్క ఎపిసోడ్ అయినా షట్టరింగ్ చేసే మనిషితో, ఇళ్లల్లో పనిచేసే అక్కతో రాయించండి. అక్షరదోషాలు ఉంటే మీరు దిద్దండి, మాట మాత్రం మార్చకండి. వినేవాళ్లకు ఒక మాట. మీ రూములో బాగా చెప్పేటోడు ఒకడు తప్పకుండా ఉంటాడు. ఈ శుక్రవారం ఆయన పక్కన కూర్చోండి, ఏ ఏడాది, ఏ పని, ఎంత జీతం, ఎవరు ఏమన్నారు అని అడిగి ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. కంపెనీ పేరు, మనిషి పేరు రాయక్కర్లేదు. తీసేటోళ్లు తర్వాత దొరుకుతారు.